టికెట్ పుట్టించే స్క్రిప్టు: ఎవరి పని తగ్గింది?

పైథాన్ కాస్త వచ్చినవాళ్లు ఎవరైనా ఇవాళ పది వరుసల్లో సర్వీస్ డెస్క్ టికెట్ తెరిచేయగలరు. లైబ్రరీని పిలుచుకుని, సర్వర్ అడ్రసూ టోకెనూ ఇచ్చి, సమస్య ఏమిటో, ఏ టీముకు వెళ్లాలో రాసి పంపితే చాలు. అటునుంచి పుట్టిందన్న అర్థంలో 201 అని జవాబు వస్తుంది, వెంట ఒక టికెట్ నంబరు వస్తుంది. ఫారం తెరిచి, డ్రాప్‌డౌన్లలో వెతికి, స్క్రీన్‌షాట్ అతికించి మనిషి చేసే పని రెప్పపాటులో అయిపోతుంది. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో రాత్రి షిఫ్టులు చేస్తూ అమెరికా, యూరప్ కంపెనీల క్యూలు చూసే మన పిల్లలకు ఇది తొలి ఆటోమేషన్‌గా బాగా అచ్చొచ్చే పని. ఒక్క సాయంత్రంలో ఫలితం కళ్లెదుట కనిపిస్తుంది.

పంపేవారికి ఇంత సులువైన ఈ పని అందుకునేవారికి ఎలా ఉంటోంది? ముప్ఫై ఏళ్లుగా వచ్చిన సాధనాలన్నీ టికెట్ తెరవడాన్ని తేలిక చేస్తూ వచ్చాయి. అక్కర్లేనప్పుడు తెరవకుండా ఆగడం, నిన్న తెరిచినదాన్ని ఇవాళ గుర్తుపట్టడం, సమస్య పోయాక మూసేయడం, ఈ మూడింటి భారాన్ని మాత్రం చాలావరకు స్క్రిప్టు రాసేవారికే వదిలేశాయి. ఆ భారాన్ని ఎత్తుకోని స్క్రిప్టు పనిని తగ్గించదు, ఒకరి బల్ల మీంచి ఇంకొకరి బల్ల మీదికి మారుస్తుంది. ఈ రంగాన్ని మొత్తంగా చూసినప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించేది ఇదే.

ఇన్సిడెంట్ వేరు, ప్రాబ్లమ్ వేరు, ఛేంజ్ వేరు అని సర్వీస్ డెస్క్‌లో చేరినవారికి మొదటి వారమే నేర్పే పదజాలం బ్రిటన్ నుంచి వచ్చింది. 1980ల చివర్లో అక్కడి ప్రభుత్వ సంస్థ సీసీటీఏ మొదలుపెట్టిన ఐటిల్ పుస్తకాలు దానికి మూలం. 1990లో పుట్టిన రెమెడీ కంపెనీ వారి ఏఆర్ సిస్టమ్ ఆ దశకంలో పెద్ద సంస్థల్లో పాతుకుపోయింది. దానితో స్క్రిప్టులు మాట్లాడేందుకు ఏఆర్ఎస్‌పెర్ల్ అనే పెర్ల్ లైబ్రరీ కూడా అప్పట్లోనే వచ్చింది. అంటే మనం కొత్తదనుకుంటున్న పనికి ఒక తరం వయసుంది. 1996లో జెస్సీ విన్సెంట్ రాసిన రిక్వెస్ట్ ట్రాకర్ ఈమెయిల్‌ను వాకిలిగా వాడుకుంది: ఒక అడ్రసుకు మెయిల్ పంపితే టికెట్ పుడుతుంది. మెయిల్ పంపగల ప్రతి పాత యంత్రమూ అలా టికెట్ పుట్టించగలిగింది.

ఆ వాకిలి నేటికీ మూతపడలేదు. ప్రింటర్లు, యూపీఎస్‌లు, ఇరవై ఏళ్లనాటి బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు ఇప్పటికీ మెయిలే పంపుతాయి. దానికి రెండు లోపాలు. మెయిల్ పంపిన స్క్రిప్టుకు టికెట్ నంబరు వెంటనే చేతికి రాదు, కాబట్టి ఆ తర్వాత దాన్ని సవరించడం, మూయడం కష్టం. రెండోది ఇంకా చేటు. సెలవులో ఉన్న ఉద్యోగి పేరున టికెట్ తెరుచుకుంటుంది. డెస్క్ రసీదు మెయిల్ పంపుతుంది. సెలవులో ఉన్నానంటూ ఆటో రిప్లై వస్తుంది. డెస్క్ దాన్నీ కొత్త టికెట్‌గా తీసుకుని మళ్లీ రసీదు పంపుతుంది. ఈ చక్రం తిరగకుండా ఉండేందుకే, యంత్రం పంపిన మెయిల్‌పై ఆటో సబ్మిటెడ్ అన్న గుర్తు వేయాలని 2004లో ఆర్ఎఫ్‌సీ 3834 చెప్పింది. మెయిల్ ద్వారా టికెట్లు తెరిచే స్క్రిప్టు రాసేవారు ఆ ఒక్క హెడర్ మరిచిపోకూడదు.

ప్రోగ్రాములు నేరుగా మాట్లాడుకునే వెబ్ ఏపీఐల కాలం ఈ పని రూపురేఖలు మార్చింది. రాయ్ ఫీల్డింగ్ 2000లో తన పరిశోధన గ్రంథంలో రెస్ట్ అన్న పద్ధతిని వివరించాడు. 2002లో జిరా, 2004లో ఫ్రెడ్ లడ్డీ స్థాపించిన సర్వీస్‌నౌ, 2010లో చెన్నైలో మొదలైన ఫ్రెష్‌డెస్క్, అన్నీ కాలక్రమంలో ఆ తరహా ఏపీఐలు ఇచ్చాయి. పైథాన్‌లో రిక్వెస్ట్స్ లైబ్రరీ 2011లో వచ్చింది. 2012లో పవర్‌షెల్ 3.0తోపాటు ఇన్వోక్ రెస్ట్ మెథడ్ వచ్చాక విండోస్ అడ్మిన్ల చేతికీ అదే శక్తి అందింది. ఏపీఐ లేని పాత అప్లికేషన్ల కోసం స్క్రీన్ మీద బటన్లు నొక్కే రోబోలు కూడా ఉన్నాయి. బటన్ చోటు మారితే ఆగిపోయే ఆ పద్ధతి వేరే దారి లేనప్పుడు తప్ప వద్దు.

ఇప్పుడు లైబ్రరీల సంగతి. ఒక దారి రిక్వెస్ట్స్ లాంటి సాధారణ లైబ్రరీతో నేరుగా ఏపీఐని పిలవడం. మరో దారి ఆ ఉత్పత్తి కోసమే రాసిన లైబ్రరీ వాడడం: జిరాకు పైథాన్‌లో జిరా పేరుతోనే ఉన్నది, పవర్‌షెల్‌లో జిరాపీఎస్, సర్వీస్‌నౌకు పైస్నో, జెన్‌డెస్క్‌కు జెన్‌పై. ఇవి చాలావరకు ఆ కంపెనీలవి కావు, బయటివాళ్లు ఓపెన్ సోర్సుగా నడిపేవి. ఏపీఐలో మార్పు వస్తే లైబ్రరీ దాన్ని అందుకునేవరకు మన స్క్రిప్టు నిలబడిపోతుంది. 2019లో జిరా క్లౌడ్ వినియోగదారుల పేర్ల స్థానంలో అకౌంట్ ఐడీలు తప్పనిసరి చేసినప్పుడు, టికెట్‌ను పేరుతో అసైన్ చేసే స్క్రిప్టులన్నిటినీ తిరగరాయాల్సి వచ్చింది. పుట్టించడం, వెతకడం, సవరించడం, మూయడం ఈ నాలుగే కావాలనుకుంటే, సాధారణ లైబ్రరీ మీద సొంతంగా రాసుకున్న చిన్న పొర మేలని నా అభిప్రాయం. ఏ వరుస ఏం చేస్తోందో టీములో అందరికీ తెలిసి ఉంటుంది. అటాచ్‌మెంట్లు, వర్క్‌ఫ్లోలు, పెద్ద పెద్ద వెతుకులాటలు ఉన్నచోట మాత్రం తయారుగా ఉన్న లైబ్రరీ శ్రమ తగ్గిస్తుంది.

జిరా పైథాన్ లైబ్రరీలోనే ఒక ఉచ్చు ఉంది. క్రియేట్ ఇష్యూ అనే ఫంక్షన్‌తో సర్వీస్ ప్రాజెక్టులో టికెట్ తెరవవచ్చు. అది పుడుతుంది, ఏజెంటుకు కనిపిస్తుంది. రిక్వెస్ట్ టైప్‌ను విడిగా నింపకపోతే మాత్రం ఫిర్యాదు చేసినవారి పోర్టల్‌లో కనిపించదు. తన సమస్య నమోదైందో లేదో తెలియని ఉద్యోగి మళ్లీ ఫోన్ చేస్తాడు. పోర్టల్ దారిలో పుట్టించేందుకు అదే లైబ్రరీలో క్రియేట్ కస్టమర్ రిక్వెస్ట్ అని వేరే ఫంక్షన్ ఉంది. రెండూ విజయవంతం అనే చెబుతాయి.

సర్వీస్‌నౌ టేబుల్ ఏపీఐలో ఇలాంటిదే మరొకటి. ఫీల్డ్ పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే ఏపీఐ తప్పు పట్టదు. ఆ ఫీల్డును వదిలేసి, మిగతావాటితో రికార్డు సృష్టించి 201 పంపుతుంది. ఫారంలో ఎర్ర చుక్కతో తప్పనిసరి అని కనిపించే ఫీల్డులు యూఐ పాలసీతో అమర్చినవైతే, అవి తెర మీద నింపేవారికే వర్తిస్తాయి, ఏపీఐ దారిలో వచ్చేవాటికి వర్తించవు. అక్కడా అడ్డుకోవాలంటే అడ్మిన్ డేటా పాలసీ పెట్టాలి. ఫలితంగా ఎవరికి చెందిందో, ఏ సర్వర్ గురించో తెలియని టికెట్లు క్యూలో చేరతాయి. స్క్రిప్టు లాగ్ చూస్తే అన్నీ సక్సెస్సే. పుట్టించిన వెంటనే రికార్డును తిరిగి చదివి, అసైన్‌మెంట్ గ్రూపు, కాలర్, పరికరం పేరు నిజంగా నిండాయో లేదో సరిచూసే రెండు వరుసలు ఈ బాధను దాదాపు తీర్చేస్తాయి.

ఇక డూప్లికేట్లు. ఈ రంగంలో అత్యంత కఠినమైన ప్రశ్న ఇదే, కాస్త నిదానంగా చూడాలి. స్క్రిప్టు టికెట్ కోసం అభ్యర్థన పంపింది. సర్వర్ టికెట్ పుట్టించింది. జవాబు తిరిగొచ్చేలోగా నెట్‌వర్క్ తెగింది. స్క్రిప్టుకు తెలిసిందల్లా జవాబు రాలేదన్నదే. మళ్లీ పంపితే రెండు టికెట్లు, పంపకపోతే అసలు టికెట్ లేకపోవచ్చు. హెచ్‌టీటీపీ నియమాల్లో పోస్ట్ అన్న పద్ధతికి, రెండుసార్లు చేసినా ఫలితం ఒకటే ఉంటుందన్న హామీ లేదు. అందుకే పైథాన్‌లో యూఆర్ఎల్‌లిబ్3 తనంతట తాను మళ్లీ ప్రయత్నించే పద్ధతుల జాబితాలోంచి పోస్ట్‌ను కావాలనే మినహాయించింది. ఆ జాబితాలో పోస్ట్‌ను చేర్చి సమస్య తీరిందనుకునేవారు నిజానికి డూప్లికేట్లకు తలుపు తీస్తున్నారు. ఇంకో మాట: రిక్వెస్ట్స్ లైబ్రరీలో టైమౌట్ మనం ఇస్తేనే ఉంటుంది. ఇవ్వకపోతే జవాబివ్వని సర్వర్ ముందు స్క్రిప్టు తెల్లవార్లూ కాచుకుని ఉంటుంది.

పరిష్కారాలు మూడు రకాలుగా కనిపిస్తాయి. మొదటిది, పంపేముందు వెతకడం. ఇదే సర్వర్‌పై ఇదే సమస్యతో తెరిచి ఉన్న టికెట్ ఉందా అని అడిగి, ఉంటే దానిలో నోట్ రాయడం. మంచిదే, కానీ ఒకే క్షణంలో రెండు స్క్రిప్టులు వెతికితే రెండింటికీ లేదనే జవాబు వస్తుంది. జిరా క్లౌడ్‌లో ఇప్పుడే పుట్టిన టికెట్ వెతుకులాటలో దొరకడానికి కొంత ఆలస్యం కూడా ఉండొచ్చు. రెండోది, ప్రతి అభ్యర్థనకూ ఒక ప్రత్యేకమైన కీ జతచేయడం. అదే కీతో రెండోసారి వస్తే సర్వర్ కొత్తది పుట్టించదు, పాత జవాబే ఇస్తుంది. చెల్లింపుల రంగంలో స్ట్రైప్ దీన్ని బాగా వాడుకలోకి తెచ్చింది, జెన్‌డెస్క్ టికెట్ల ఏపీఐ కూడా దీన్ని అంగీకరిస్తుంది. మూడోది, బయటి వ్యవస్థ ఇచ్చిన గుర్తింపును టికెట్లోనే దాచడం. సర్వీస్‌నౌలో కోరిలేషన్ ఐడీ అనే ఫీల్డ్ ఇందుకే ఉంది. ఇంపోర్ట్ సెట్ దారిలో పంపి, ఆ ఫీల్డుపై కోఅలెస్ పెడితే, ఉన్న రికార్డు సవరణ పొందుతుంది, లేకపోతేనే కొత్తది పుడుతుంది. నాకు నచ్చేది ఈ మూడోదే. నెట్‌వర్క్ తెగిన నిమిషానికే పరిమితం కాకుండా, వారం తర్వాత అదే అలర్ట్ మళ్లీ వచ్చినా పాత టికెట్‌ను పట్టిస్తుంది. మూయడానికీ అదే తాళంచెవి.

ఆ గుర్తింపులో ఏం పెట్టాలన్నది మళ్లీ ఆలోచించాల్సిన విషయం. సమయాన్ని కలిపితే ప్రతి అలర్టూ కొత్తదే. సర్వర్ పేరు ఒక్కటే పెడితే డిస్క్ నిండడం, మెమరీ అయిపోవడం ఒకే టికెట్లో కలిసిపోతాయి. ఆ సర్వర్, ఆ తనిఖీ, ఆ భాగం, ఈ మూడూ కలిపితే చాలా సందర్భాల్లో సరిపోతుంది. డిస్క్ 91 శాతం, 92 శాతం అన్న మారే అంకెలు గుర్తింపులోకి రానే రాకూడదు.

ప్రొమీథియస్ అనే మానిటరింగ్ సాధనంలోని అలర్ట్‌మేనేజర్ ఉదాహరణ దీన్ని బాగా తేటపరుస్తుంది. అది ఒకే జాతి అలర్టులను ఒక గుంపుగా చేసి, మొదటిసారి 30 సెకన్లు ఆగి పంపుతుంది. సమస్య తీరకపోతే 4 గంటలకోసారి గుర్తుచేస్తుంది. మార్చకపోతే ఉండే అమరికలు ఇవి. వచ్చిన ప్రతి సందేశానికీ కొత్త టికెట్ తెరిచే స్క్రిప్టును దానికి తగిలిస్తే, శుక్రవారం రాత్రి నిండిన ఒక్క డిస్క్ సోమవారం ఉదయానికి పదిహేను టికెట్లు దాటిపోతుంది. నిజానికి ఆ సందేశంలోనే గ్రూప్ కీ ఉంటుంది, సమస్య పోతే రిజాల్వ్డ్ అన్న స్థితి కూడా వస్తుంది. కావలసినదంతా అందులోనే ఉంది. స్క్రిప్టు చదవలేదంతే.

ఒక కారణం, వెయ్యి టికెట్లు అన్న సమస్యకు ఇంకా పెద్ద రూపం 2024 జూలై 19న కనిపించింది. భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక తప్పు అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో ఆగిపోయాయి. మన శంషాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. అలాంటి రోజున సమస్యలో ఉన్న యంత్రం తన గురించి తాను టికెట్ తెరవలేదు, దాని మీద నడిచే ఏజెంటే ఆగిపోయింది. తెరిచేవి పక్కనుంచి గమనించే వ్యవస్థలు, అవి ఒక్కో యంత్రానికీ ఒక్కో టికెట్ చొప్పున తెరుస్తాయి. అక్కడ పనికొచ్చేది తల్లి టికెట్ ఒకటి, దాని కింద పిల్ల టికెట్లు అన్న ఏర్పాటు. నిర్ణీత వ్యవధిలో ఒకే రకం టికెట్లు ఒక హద్దు దాటితే స్క్రిప్టు కొత్తవి తెరవడం మానేసి, ఒకే పెద్ద ఇన్సిడెంట్‌కు వివరాలు చేరుస్తూ మనిషికి ఫోన్ కొట్టాలి. ఈ హద్దు లేని స్క్రిప్టును ప్రొడక్షన్‌లోకి వదలకూడదని నేను గట్టిగా నమ్ముతాను.

కర్మాగారాలు ఈ పాఠాన్ని మనకన్నా ముందే, ప్రాణాపాయంలో నేర్చుకున్నాయి. 1994 జూలై 24న వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ చమురు శుద్ధి కర్మాగారంలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందు 275 అలారాలు మోగాయి. ఏది ముఖ్యమో తేల్చుకునే వీలే లేకపోయింది. ఆ తర్వాత 1999లో వెలువడిన ఈఈఎమ్‌యూఏ 191 మార్గదర్శకం, మామూలు వేళల్లో ఒక ఆపరేటర్‌కు సగటున 10 నిమిషాలకు ఒక అలారం మించకపోతే అది మోయదగ్గ భారమని చెప్పింది. సర్వీస్ డెస్క్‌లో కూర్చున్న మనిషి మెదడు కూడా అదే మెదడు. మన రంగంలో టికెట్ ఎంత వేగంగా మూతపడాలో చెప్పే ఎస్ఎల్‌ఏలు పుట్టలుగా ఉన్నాయి. ఒక మనిషి ముందుకు యంత్రం గంటకు ఎన్ని తోయవచ్చో చెప్పే నియమం ఏ ఒప్పందంలోనైనా అరుదు.

తెలుగులో వివరాలు పంపేవారికి ప్రత్యేకంగా ఒక మాట. విండోస్‌తోపాటు వచ్చే పవర్‌షెల్ 5.1లో పాఠ్యాన్ని నేరుగా ఇన్వోక్ రెస్ట్ మెథడ్‌కు అప్పగిస్తే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలై చేరతాయి. ముందుగా యూటీఎఫ్-8 బైట్లుగా మార్చి పంపితేనే నిలుస్తాయి. పొడవు హద్దులు మరో చిక్కు. సర్వీస్‌నౌ క్లుప్త వివరణకు మామూలుగా 160 అక్షరాలు, జిరా సమ్మరీకి 255. మనం ఒకే అక్షరంగా చూసే స్త్రీ అన్నది యూనికోడ్‌లో 6 గుర్తులు. లెక్క లేకుండా కత్తిరిస్తే వాక్యం చివర పొల్లుతో తెగిన ముక్క మిగులుతుంది. ప్రజల దగ్గర ఫిర్యాదులు తీసుకునే ఏ వ్యవస్థకైనా ఇది చిన్న లోపం కాదు, ఊరి పేరే చదవరాకపోతే ఆ ఫిర్యాదు ఎక్కడికి వెళ్తుంది?

భద్రత విషయంలో ఒక్క సంఘటన సరిపోతుంది. 2023 అక్టోబర్‌లో లాగిన్ సేవలు అందించే ఒక్టా కంపెనీ తన కస్టమర్ సపోర్ట్ వ్యవస్థలోకి దొంగలు చొరబడ్డారని ప్రకటించింది. కస్టమర్లు టికెట్లకు జతచేసిన, బ్రౌజర్ కార్యకలాపాలను నమోదు చేసే హెచ్‌ఏఆర్ ఫైళ్లలో వారి లాగిన్ సెషన్ టోకెన్లు ఉన్నాయి, వాటితో మరికొన్ని సంస్థల ఖాతాల్లోకి దూరే ప్రయత్నం జరిగింది. చొరబాటుకు వాడింది ఒక సర్వీస్ అకౌంట్. టికెట్లు చూసే, సవరించే అధికారం దానికి ఉంది. మన స్క్రిప్టులు వాడేదీ అలాంటి ఖాతానే, మన స్క్రిప్టులు ఏమీ వడకట్టకుండా అంటించేవీ అలాంటి లాగ్ ఫైళ్లే. కాబట్టి ఖాతాకు టికెట్ పుట్టించే అధికారం, తాను పుట్టించినవి చూసే అధికారం చాలు. టోకెన్ స్క్రిప్టు ఫైల్లో ఉండకూడదు. లాగ్ జతచేసేముందు పాస్‌వర్డులు, టోకెన్లు, ఫోన్ నంబర్లు తుడిచేయాలి. 2023లో మన దేశంలో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చాక ఈ తుడిచే పని మర్యాద స్థాయి దాటి బాధ్యతగా మారుతోంది.

ఇప్పుడు పెద్ద భాషా నమూనాలు ఈ గొలుసులోకి వచ్చాయి. అలర్ట్‌ను చదివి చక్కని వాక్యాల్లో వివరణ రాస్తాయి, కేటగిరీ సూచిస్తాయి, పాత టికెట్లతో పోలుస్తాయి. పోల్చడంలో అవి నిజంగా ఉపయోగం. రెండు వేరు వేరు మాటల్లో ఉన్న ఒకే సమస్యను పట్టుకోవడం పాత పద్ధతులకు కష్టమయ్యేది. వివరణ రాయడంలో మాత్రం నాకు భయం ఉంది. అసలు ఎర్రర్ సందేశం పక్కకు పోయి, నమ్మదగ్గట్టు వినిపించే ఊహ దాని చోటు తీసుకుంటే రాత్రి రెండింటికి ఆ టికెట్ తెరిచిన మనిషి తప్పు సర్వర్‌ను రీస్టార్ట్ చేయగలడు. నమూనా రాసిన మాట ఏదో, యంత్రం చెప్పిన మాట ఏదో విడివిడిగా కనిపించాలి, మూల సందేశం ముక్క తగ్గకుండా టికెట్లో ఉండాలి.

చివరిగా, ఇదంతా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? మేనేజర్ల స్లైడ్లలో ఎక్కువగా కనిపించే కొలత ఆటోమేషన్ ద్వారా ఎన్ని టికెట్లు పుట్టాయన్నది. పనికిమాలిన టికెట్లు పెరిగినకొద్దీ ఆ అంకె అందంగా పెరుగుతుంది. నిమిషంలో పుట్టి నిమిషంలో మూతపడే టికెట్లు సగటు పరిష్కార సమయాన్ని కూడా దించేస్తాయి, మనుషులు తెచ్చిన కష్టమైన సమస్యలు ఆ సగటులో కనపడకుండా పోతాయి. అందుకే యంత్రం తెరిచినవాటినీ మనిషి తెరిచినవాటినీ ముందు వేరుచేసి లెక్కించాలి. వెతకాల్సిన అంకె మరొకటి ఉంది: యంత్రం తెరిచినవాటిలో మనిషి ఏ పనీ చేయకుండా మూసినవి ఎన్ని? మూసిన నోట్‌లో దానంతట అదే సర్దుకుంది అనో, చర్య అవసరం లేదు అనో ఉంటే ఆ అలర్ట్ టికెట్ కాదగ్గది కాదు. గూగుల్ ఇంజనీర్లు 2016లో వెలువరించిన ఎస్ఆర్‌ఈ పుస్తకం మానిటరింగ్ ఇచ్చేవాటిని మూడుగా విడదీసింది: వెంటనే మనిషిని లేపాల్సినవి, కొన్ని రోజుల్లో చూడాల్సిన టికెట్లు, ఎప్పుడైనా అవసరమైతే వెతుక్కునే లాగులు. మన క్యూల్లో మూడో రకం రెండో రకంగా మారువేషం వేసుకుని కూర్చుంటోంది. నెలకోసారి స్క్రిప్టు రాసినవారూ షిఫ్టులో ఉండేవారూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, చర్య లేకుండా మూసిన టికెట్ల జాబితా తెరిచి, ఒక్కో నియమాన్నీ ఉంచాలా, లాగుకు దించాలా, పూర్తిగా తీసేయాలా అని తేల్చాలి. తీసేసే అధికారం షిఫ్టులో ఉన్నవారి చేతికే ఇవ్వాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ మాట అడగడానికి కూడా వాళ్లు ఇంకో టికెట్ తెరవాల్సి వస్తోంది.